వీళ్ళ ఇళ్ళల్లో

గంగాభవానికి రెండు పేర్లు. ఇంట్లో గంగాభవాని, బళ్ళో తిరి విన్. రంగూన్‌లో ఉన్న తెలుగువాళ్ళకి ఇది వింతేమీ కాదు. రిజిస్టరులో బర్మా పేరు, శుభలేఖలో తెలుగు పేరు. ఎవరూ అడగరు, వీళ్ళూ చెప్పుకోరు, బండి నడిచిపోతుంది. గంగాభవాని సంగతి వేరు. బడికి బయల్దేరిందంటే ఇంట్లో పేరూ ఇంట్లో భాషా అన్నీ లమ్మడా పేటలో వాళ్ళాయన పప్పుల దుకాణం మెట్ల మీదే వదిలేసి వెళ్ళేది. కాస్త చామనఛాయగా ఉన్నారేమిటని తోటి టీచరెవరో అడిగితే, మా నాయనమ్మ పడమటి తీరాన రఖైన్ వైపు మనిషి, అక్కడ అందరిదీ ఇదే రంగు అని ఎప్పుడో ఒక అబద్ధం ఆడింది. ఆ అబద్ధానికి ఎంతగా అలవాటు పడిపోయిందంటే, లేని ఆ నాయనమ్మ చేపల పులుసు ఎలా పెట్టేదో కూడా అప్పుడప్పుడు వర్ణించి చెప్పేది.

ఆవిడ్ని తప్పుపట్టడం తేలికే. 'కలా' అనే మాట ఆ ఊళ్ళో ఇండియా మొహం ఉన్న ప్రతివాళ్ళ వెనకాలా తిరుగుతూ ఉంటుంది. కొందరు వేళాకోళంగా అంటారు, కొందరు ఊరికే అలవాటుగా, కొందరు తిట్టుగానే. చిన్నప్పుడు బోటాటౌంగ్‌లో చదువుకునే రోజుల్లో ఆ మాట పడీ పడీ విసిగిపోయి, టీచరు ఉద్యోగం వచ్చిన నాడే ఇక జన్మలో పడనని ఒట్టు పెట్టుకుంది. ఆ ఒట్టు నిలబెట్టుకుంది కూడా. ఎలా నిలబెట్టుకుందో వింటే మెచ్చుకోవాలని మాత్రం అనిపించదు.

మిలిటరీ మళ్ళీ గద్దెనెక్కిన ఏడాది చాలామంది టీచర్లు బడికి రామని మానేశారు. గంగాభవాని మానలేదు. అది విధేయత కాదు, నమ్మకమూ కాదు, ఒట్టి భయమని ఆవిడకి బాగా తెలుసు. మానేసినవాళ్ళ పిరియడ్లు మిగిలినవాళ్ళ నెత్తిన పడ్డాయి. లెక్కలు చెప్పుకునే మనిషికి అలా ఐదో తరగతి నీతి-పౌరధర్మం వచ్చిపడింది.

ఈ సబ్జెక్టు ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో ఆ బళ్ళో ఎవరినడిగినా తెలియదు. ఎక్కడో పై ఊళ్ళో చల్లటి గదిలో నలుగురు పెద్దలు కూచుని, దేశంలో పిల్లలందరూ ఏది నేర్చి తీరాలో తేలుస్తారు. వాళ్ళు తేల్చింది పుస్తకమై, పిరియడై, చివరికి తనిఖీ అయి కిందికి దిగుతుంది. ఈ వారం పెద్దల్ని గౌరవించడం, వచ్చేవారం వరసలో నిలబడటం, ఆ పైవారం గురువుకి దండం. దేశపు జాతుల లెక్కలోకి వచ్చినవాళ్ళ భాషలకి కొన్నిచోట్ల కాసిని పిరియడ్లు ఇచ్చారు. తెలుగు ఆ లెక్కలోనే లేదు కాబట్టి దాని ఊసు ఎవరూ ఎత్తలేదు. నీతి మాత్రం అందరికీ తప్పనిసరే. లెక్కల్లో తక్కువొచ్చిన పిల్లని ఏదో విధంగా గట్టెక్కించవచ్చు. నీతిలో 'తృప్తికరం' అని రాయించుకోని పిల్ల ఐదు దాటి ఆరుకి పోవడానికి వీల్లేదని ఆ బడి హెడ్మిస్ట్రెస్ కట్టుబాటు పెట్టింది. పిల్లలూ టీచర్లూ ఆవిడ్ని సయామాజీ అంటారు, అంటే పెద్ద టీచరమ్మ అని.

ఆ ఐదో తరగతిలోకి ఆ ఏడు దుర్గ వచ్చి చేరింది. నీలకంఠం మాస్టారి మనవరాలు.

నీలకంఠం ఏ బళ్ళోనూ మాస్టారు కాదు. బోటాటౌంగ్ రేవులో ఒక గోడౌన్‌లో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. ఆయన పలక పట్టిన రోజుల్లోనే తెలుగు బళ్ళని గవర్నమెంటు తీసేసుకుంది. తండ్రి దగ్గర ఇంట్లో నేర్చుకున్న నాలుగు అక్షరాలనీ ఆయన ఆదివారాలు గుళ్ళో చాప పరిచి పిల్లలకి చెప్పేవాడు. ఎవరూ తప్పనిసరి చెయ్యలేదు, ఎవరూ తనిఖీకి రాలేదు, తప్పినా పాసైనా అడిగే నాథుడు లేడు. అయినా ఏళ్ళ తరబడి చెప్పాడు. గంగాభవాని చేత అఆలు దిద్దించింది ఆయనే. ఆ చాప మీద కూచునే, పెద్దయ్యాక నేనూ టీచర్నవుతానని ఆ పిల్ల మొదటిసారి అంది. ఇప్పుడాయన కొడుకూ కోడలూ థాయిలాండులో పనిచేసుకుంటున్నారు, దుర్గ తాత దగ్గర పెరుగుతోంది.

చేరిన రోజే దుర్గ వరండాలో ఎదురై, మొహం చింకి చాటంత చేసుకుని "అత్తా" అనబోయింది. గంగాభవాని చుట్టూ చూసి, చూపుతోనే ఆపేసి, ఇక్కడ సయామా అనాలని బర్మా భాషలో చెప్పింది. టీచరమ్మ అనడమన్నమాట. పిల్ల చురుకైంది, రెండోసారి చెప్పించుకోలేదు. ఆ రోజు నుంచీ బళ్ళో ఎంత దగ్గరగా వచ్చి నిలబడినా ఒక్క తెలుగు ముక్క దాని నోట రాలేదు. ఆ జాగ్రత్త చూసి గంగాభవాని మనసులో మెచ్చుకుంది. పదకొండేళ్ళ పిల్లకి దాచడం నేర్పి, బాగా నేర్చుకుందని సంతోషించింది.

అంతా అలా జరిగిపోయేదే, మధ్యలో ఆ పెళ్ళి రాకపోతే. మింగళ తౌంగ్‌న్యున్ పేటలో గుడి పక్క హాల్లో ఎవరో దగ్గరవాళ్ళ పెళ్ళి. గంగాభవాని పట్టుచీర కట్టుకుని, రూపాయి బిళ్ళంత బొట్టు పెట్టుకుని, బళ్ళో తిరి విన్‌ని చూసినవాళ్ళు పక్కనించి పోయినా పోల్చలేనట్టు తయారై వెళ్ళింది. భోజనాల దగ్గర కుర్చీలో నీలకంఠం మాస్టారు కనిపించాడు. చూడగానే ఆవిడకి గుండె చెమ్మగిల్లింది. తిన్నగా వెళ్ళి, వంగి, రెండు చేతులతో ఆయన పాదాలు తాకి, ఆ చేతులు కళ్ళకద్దుకుంది. ఆయన నెత్తిమీద చెయ్యి వేసి చల్లగా ఉండమన్నాడు. పక్కనే ఉన్న దుర్గ నోరు తెరుచుకుని చూసింది. బళ్ళో అందరినీ హడలగొట్టే సయామా తన తాత కాళ్ళకి మొక్కడం దానికి పెద్ద వింత.

"అత్తా, మా తాతకి అంత పెద్ద దండం ఎందుకెట్టినావు?" అని అడిగింది.

పెళ్ళి హాలు కదా, చుట్టూ మనవాళ్ళే. గంగాభవాని నోటికి అడ్డు లేకుండా పోయింది. "బళ్ళో ఎట్టే మోకాళ్ళ దండం అందరికీ ఎడతామే. సదువు సెప్పిన గురువుకైతే ఇలాగ కాళ్ళు ముట్టుకుని కళ్ళకద్దుకోవాల. దీనికి మించిన దండం నేదు. గుర్తెట్టుకో," అంది.

దుర్గ గుర్తు పెట్టుకుంది.

తర్వాత కొద్ది వారాలకే ఒక శుక్రవారం పై ఆఫీసు నుంచి తనిఖీకి ఒకాయన వచ్చాడు. పెద్దమనిషే, అరిచే రకం కాదు. నీతి పాఠాలు నిజంగా చెబుతున్నారా, పుస్తకంలో టిక్కులు పెట్టి ఊరుకుంటున్నారా అని చూసి పోవడం ఆయన పని. వెనకాలే సయామాజీ చేతులు కట్టుకుని వచ్చింది. ఆ వారం పాఠం గురువుని గౌరవించడం. ఆఫీసరు గుమ్మంలో చెప్పులు విడిచి, తరగతి ముందు కుర్చీలో కూచుని, పిల్లల్లో ఒకరిని పిలిచి దండం పెట్టి చూపించమనండి అన్నాడు. గంగాభవాని వెతుక్కోనక్కర్లేకపోయింది. పాఠమంతా నోటికొచ్చిన పిల్ల, తడబడని పిల్ల, దుర్గని పిలిచింది.

దుర్గ, అక్కడి ఆడపిల్లలు బడికి కట్టుకునే లుంగీ సర్దుకుని ముందుకొచ్చింది. ఆఫీసరుకి ఎడంగా మోకాళ్ళ మీద కూచుని, చేతులు జోడించి, నుదురు నేలకి ఆనించి, పుస్తకంలో బొమ్మ వేసినట్టుగా ముమ్మారు వంగింది. ఆయన బాగుందన్నట్టు తల పంకించాడు. అక్కడితో లేచిపోతే ఏ గొడవా లేదు. కానీ పిల్లకి అది చాలలేదు. అంత దూరం నుంచి అంత పెద్దాయన వచ్చాడు, సయామా తరగతినంతా వదిలి తననే పిలిచింది, ఇలాంటప్పుడు అన్నిటికన్నా పెద్ద దండమే పెట్టాలనుకుంది కాబోలు. మోకాళ్ళ మీదే ముందుకి జరిగి, రెండు చేతులతో ఆఫీసరు పాదాలు పట్టుకుని, ఆ చేతులు భక్తిగా కళ్ళకద్దుకుంది.

బర్మావాళ్ళకి ఒంట్లో అన్నిటికన్నా పైది తల, అన్నిటికన్నా కిందిది కాలు. పరాయి మగవాడి కాలు ఆడపిల్ల పట్టుకోవడమే ఎబ్బెట్టు, ఆ చేతులు మొహానికి రాసుకోవడం మరీ రోత. ఆఫీసరు ఉలిక్కిపడి కాళ్ళు పైకి లాక్కున్నాడు. కుర్చీ వెనక్కి ఒరిగి, ఆయన బల్ల పట్టుకుని ఆపుకోవలసి వచ్చింది. తరగతి గొల్లుమంది. వెనక బెంచీలోంచి ఎవడో "కలా దండం" అన్నాడు, మళ్ళీ నవ్వు. దుర్గ చేతులు కళ్ళ దగ్గరే ఉండిపోయాయి. ఏం తప్పు చేసిందో దానికి తెలియలేదు.

ఆఫీసరు మొహం ఎర్రబడింది. ఇది ఏ పుస్తకంలో ఉందని అడిగాడు. సయామాజీ తన భయమంతా కోపంగా చేసుకుని పిల్ల మీద విరుచుకుపడింది. నీకు ఇది నేర్పిందెవరో చెప్పమంది.

దుర్గ ఒక్కసారి గంగాభవాని వైపు చూసింది. ఒక్క చూపే. అందులో నిందించడం లేదు, బతిమాలడం లేదు, చెప్పమంటారా అన్న ప్రశ్న మాత్రం ఉంది. గంగాభవాని కళ్ళు దించుకుంది. అదే జవాబనుకుంది పిల్ల.

"ఎవరూ నేర్పలేదు సయామాజీ. నాకే తోచింది," అని బర్మాలో చెప్పింది.

అక్కడితో ఊరుకున్నా గంగాభవాని తప్పు సగమే అయ్యేది. కానీ సయామాజీ ఈసారి ఆవిడ వైపు తిరిగింది, మీరు చెప్పే పాఠం ఇదేనా అన్నట్టు చూసింది. ఆఫీసరూ చూశాడు. ఆ రెండు జతల కళ్ళ ముందు ఆవిడ గొంతు తనంతట తానే పలికింది. ఆలోచించి అన్న మాట కాదు, ఏళ్ళుగా సిద్ధంగా ఉన్న మాట.

"నేను పుస్తకంలో ఉన్నదే చెప్పానండీ. వీళ్ళ ఇళ్ళల్లో ఇలాంటి అలవాట్లు ఉంటాయి," అంది.

వీళ్ళ ఇళ్ళల్లో. ఆఫీసరుకి సమాధానం దొరికినట్టయింది. అవునవును, అంటూ తల ఊపి, ఇంటి అలవాటు మాన్పించడానికే గదా ఈ సబ్జెక్టు పెట్టింది అన్నాడు. ఈ పిల్లకి 'తృప్తికరం' ఇప్పుడే రాయొద్దని, బడి అంతా చూసేలా సరిగ్గా చేయించి అప్పుడు చూడమని చెప్పి చెప్పులు తొడుక్కున్నాడు. సయామాజీ సరేనంది. గంగాభవాని కూడా సరేనంది.

ఆ వారాంతమంతా ఆవిడ ఒంటిమీద తేళ్ళూ జెర్రులూ పాకినట్టే గడిపింది. దుకాణంలో కూచుంటే కందిపప్పు అడిగినవాళ్ళకి పెసరపప్పు కట్టింది. ఏమైందని మొగుడు అడిగితే తలనొప్పి అంది. సోమవారం వెళ్ళి సయామాజీకి నిజం చెప్పేస్తే సరిపోతుంది, చెప్పడానికి ఎంతసేపు, నేనే నేర్పానండీ, మాదీ ఆ ఇళ్ళల్లో ఒకటేనండీ, అంతే గదా అనుకుంది. స్నానం చేస్తూ ఆ మాటలు బర్మాలో వల్లె వేసుకుంది కూడా. ఆ వెంటనే, టీచర్ల గదిలో తను నడిచి వస్తుంటే చటుక్కున ఆగిపోయే మాటలు చెవిలో వినబడ్డాయి. లేని నాయనమ్మ గురించి ఇక ఎవరూ ఏమీ అడగరు, అడగకుండా నవ్వుకుంటారు. వల్లె వేసిన మాటలు అక్కడే ఆగిపోయాయి.

సోమవారం ప్రార్థన అయ్యాక వేదిక మీద కుర్చీ వేశారు. అందులో కూచోవలసింది గంగాభవానే. ఏ టీచరు క్లాసులో తప్పు జరిగిందో ఆ టీచరుకే దండం పెట్టాలని సయామాజీ తీర్మానం. దుర్గ వేదిక ఎక్కింది. బుగ్గలకి బర్మా ఆడవాళ్ళు రాసుకునే తనకా చెక్క గంధం ఎప్పటికన్నా దట్టంగా, శ్రద్ధగా రాసుకుని వచ్చింది. తెలియక తప్పు చేశానని, మా టీచరు సరిగ్గానే నేర్పారని, ఇకమీద జాగ్రత్తగా ఉంటానని మైకులో గడగడా చెప్పింది. ఎడంగా కూచుని ముమ్మారు వంగింది. వంగినంతసేపూ చేతులు తన మోకాళ్ళ ముందే ఆనించింది, పొరపాటున కూడా ఆవిడ పాదాల వైపు చాచలేదు.

సరిగ్గా ఉందా అని సయామాజీ మైకు గంగాభవాని ముందు పెట్టింది. చెప్పదలచుకుంటే చెప్పడానికి అంతకు మించిన చోటు లేదు. బడి మొత్తం ఎదురుగా ఉంది, మైకు నోటి ముందుంది, పిల్ల కాళ్ళ దగ్గర ఉంది. నోరు తెరిచింది.

"ఇప్పుడు సరిగ్గా ఉంది," అంది.

మధ్యాహ్నానికి దుర్గకి 'తృప్తికరం' రాసేశారు. ఆరో తరగతికి ఇక ఏ అడ్డూ లేదు. కాగితం మీద అందరూ క్షేమం. టీచర్ల గదిలో ఎవరో, ఆ కలా పిల్ల పాపం తెలివైందే అన్నారు. గంగాభవాని అవునంది.

సాయంత్రం ఆవిడ తిన్నగా ఇంటికి పోలేక బోటాటౌంగ్ బస్సెక్కింది. రేవు దగ్గర పాత మేడలో నీలకంఠం మాస్టారి వాటా పై అంతస్తు. కరెంటు లేదు, చార్జింగు లైటు వెలుగుతోంది. ఆవిడ్ని చూడగానే మాస్టారు గోడ పట్టుకుని లేవబోయాడు. కూచోమన్నా వినలేదు. ముందుగా తనే అందుకుని, "మా పిల్ల నీకు మాట తెచ్చీసిందంట గదమ్మా. ఆఫీసరు ముందర ఏదో తింగరి పని సేసినానని సెప్పింది. బర్మావోళ్ళ పద్దతి నేను సరిగ్గా సెప్పనేదు, తప్పు నాదే. మనసులో ఎట్టుకోకు తల్లీ," అన్నాడు.

అంటే దుర్గ ఇంట్లో కూడా చెప్పలేదు. తాత దగ్గర కూడా గంగాభవాని పేరు కాపాడింది. లోపలి గదిలో టీ గిన్నె చప్పుడు వినబడుతోంది, పిల్ల అక్కడుంది, ఈ మాటలన్నీ వింటూనే ఉంది. గంగాభవాని ఇక ఆగలేకపోయింది. పెళ్ళిలో తను చెప్పిన మాట, పిల్ల తన వైపు చూసిన చూపు, తను కళ్ళు దించుకోవడం, వీళ్ళ ఇళ్ళల్లో అనడం, పొద్దున మైకు ముందు అన్నది, ఒక్కటి దాచకుండా అన్నీ చెప్పేసింది. చెబుతూ చెబుతూ ఏడ్చింది. ఏడుస్తున్నకొద్దీ గుండె తేలికవుతున్నట్టు తోచి, ఇందుకే గదా వచ్చానని ఇంకా ఏడ్చింది.

మాస్టారి మొహంలో కోపం కోసం ఆవిడ వెతికింది. కోప్పడితే బాగుండుననిపించింది. ఆయన భుజం మీద తువ్వాలు తీసి మొహం తుడుచుకుని, చిన్నప్పుడు అక్షరం తప్పు దిద్దినప్పటి గొంతుతోనే మెల్లగా అన్నాడు:

"ఇది ఆ గదిలో సెప్పాల్సిన మాట తల్లీ. ఇక్కడ నిన్నెవులూ అడగనేదు."

అంతే. టీ తాగమన్నాడు. మీ ఆయన బాగున్నాడా, పప్పుల ధర ఎలాగుంది అని అడిగాడు. ఆయన మర్యాదకి ఏ లోటూ చెయ్యలేదు. తేలికైందనుకున్న గుండె మీద ఆ ఒక్క మాట బండరాయిలా కూచుంది. నిజమే. నష్టం వచ్చేచోట నోరు మూసుకుని, పిల్ల పేరు పోయి, పని జరిగిపోయి, ఖర్చేమీ లేని ఈ చీకటి గదికి వచ్చి చెప్పింది. క్షమించమని అడగడానికి కాదు, క్షమించారనిపించుకుని నిద్రపోవడానికి వచ్చింది. అది ఆయనకి తెలుసు, ఆయనకి తెలుసని ఆవిడకి తెలుసు.

దిగేటప్పుడు మెట్లు చీకటిగా ఉన్నాయని దుర్గ చార్జింగు లైటు పట్టుకుని కూడా వచ్చింది. రెండు అంతస్తులూ దిగారు. కింద వీధిలో టీ దుకాణం ముందు చిన్న చిన్న ముక్కాలిపీటల మీద జనం కూచుని కబుర్లాడుకుంటున్నారు. గంగాభవాని అక్కడే, ఆ జనం మధ్యలోనే ఆగింది. చీకటి గదిలో కాదు, నలుగురూ వినేచోట ఒక్క మాటైనా అనాలనుకుంది.

"నాను తప్పు సేసినానే దుర్గా. నన్ను అత్తా అని పిలు," అని తెలుగులో పైకే అంది.

దుర్గ కంగారుగా అటూ ఇటూ చూసింది. టీ దుకాణంలో కూచున్నవాళ్ళ మొహాలన్నీ ఒక్కొక్కటే వెతికింది. బడి తాలూకు మనుషులెవరూ లేరని నమ్మకం కుదిరాక ఊపిరి పీల్చుకుని, దగ్గరకొచ్చి, గొంతు బాగా తగ్గించి, ధైర్యం చెబుతున్నట్టుగా బర్మాలో అంది:

"పరవాలేదు సయామా. ఎవరూ వినలేదు."